మా వదిన కలాలు, నా వెండి ప్యాకెట్లు

ఒక మనిషి ఎవరి సాయమూ లేకుండా, కేవలం సొంత తెలివితో, ఒక్క పూటలో ఎంత నాశనం చేయగలడో తెలుసుకోవాలని ఉంటే దగ్గరికి రండి, చెబుతాను. ఆ ఘనుణ్ణి నేనే. అప్పట్లో పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ప్యాకింగు మిషను నా చేతికింద ఉండేది. ప్యాకెట్లోంచి గాలంతా లాగేసి మూతి అతికించే మిషను అది. దాని ముందు కూర్చున్నప్పటి నుంచి లోకంలోని ప్రతి వస్తువూ ప్యాకెట్టులో పడడానికే పుట్టిందని నాకు గట్టి నమ్మకం.

ఇక మా వదిన పార్వతి. టెక్కలిలో మంచం కోళ్లు తిప్పే వడ్రంగి కూతురు. పుట్టింటి నుంచి కర్రను గిరగిరా తిప్పి చెక్కే చిన్న లేతు మిషను తెచ్చుకుని, మందస దగ్గర మా ఊళ్లో, కొబ్బరికాయల పాకలో ఒక మూల పెట్టుకుంది. తుఫానుకు కూలిన పనస మొద్దుల్ని చూసి మేమంతా వంటచెరుకు అనుకున్నాం. ఆవిడ వాటిలోంచి ఇంకు కలాలు తీసింది. లక్క పూసి, మొగలి ఆకుతో మెరుగు పెట్టాక ఆ కలం పసుపుపచ్చగా నిగనిగలాడుతుంటే నేను పని మానేసి చూస్తూ నిలబడేవాణ్ణి. ఇప్పటికీ అంతే, ఆ చేతులంటే నాకు భక్తి.

మా నాన్నకు మాత్రం పాక కావాలి.

"టెక్కలిలో సేతిపనుల అమ్మకం పెడతన్నారంట కదమ్మా. ఆడ నీ కలాలు అమ్ముడయితే పాక నీది. నేదంటే మిషను మీ నాన్నకి పంపీసి నా కాయలు నాను పోసుకుంతాను" అన్నాడు.

"అలగే మావా" అంది వదిన. ఆ అమ్మకానికి విశాఖపట్నం నుంచి ఒక కొట్టాయన కూడా వస్తానన్నాడు. అంటే లేతు ఉంటుందో పోతుందో ఆ బల్ల మీదే తేలిపోతుంది. సరిగ్గా అక్కడే నేను వేలు పెట్టాను.

"బల్ల మీద ఎలగ పెడతావొదినా?"

"తెల్లగుడ్డ పరిసి వరసగా పెడతాను. కొన్నోలు సేత్తో అట్టుకుని సూడాల కదా మరిదీ."

"గాలి తగిల్తే మెరుపు పోదేటి? నాకొదిలీ. మా ఫ్యాక్టరీలో వెండి ప్యాకెట్లున్నాయి."

"గాలి తగిల్తే కలానికేటవుతాది?"

"పప్పుకేటవుతాదో అదే అవుతాది."

ఆవిడకు ఇంకా తిప్పాల్సిన కలాలు ఉన్నాయి. నాతో వాదించే తీరిక లేక సరేనంది. నేను అక్కడితో ఆగానా? కొన్నవాడు విప్పగానే రాసుకోవాలి కదా అన్న దూరదృష్టితో ప్రతి కలంలోనూ సగం దాకా ఇంకు పోశాను. ఈ సంగతి వదినకు చెప్పలేదు, సంతోషపెడదామని. ఫ్యాక్టరీ మేస్త్రీని బతిమాలి కలాలన్నీ మిషను ఎక్కించాను. ఉస్సుమని గాలి పోయింది. లోపల ఏం జరిగిందో వెండి కాగితం బయటికి పొక్కనివ్వలేదు.

మర్నాడు టెక్కలిలో బల్ల నిండా పలాస ఫ్యాక్టరీ పేరున్న ప్యాకెట్లు నిలబెట్టాను. వదిన అటూ ఇటూ చూసింది.

"కలాలేవి మరిదీ?"

"లోపలున్నాయి కదొదినా."

"అది నాకు తెలుసు. ఒచ్చినోలకెలగ తెలుస్తాది?"

అంతలోనే ఒక పెద్దావిడ వచ్చి ప్యాకెట్టు నొక్కి చూసింది. "పప్పు కేజీ ఎంత బాబూ?"

"పప్పు కాదమ్మా, కలాలు."

"పలాసోలు కలాలు కూడా ఏపుతన్నారేటి?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఆ వెనకే విశాఖ కొట్టాయన వచ్చాడు. తెల్లచొక్కా, కళ్లజోడు. "ఒకటి విప్పండి, చూద్దాం" అన్నాడు. నేను పెళ్లికొడుకులా ముందుకొచ్చి కత్తెర వేశాను. ఇంకు భళ్లున నా చేతుల మీద పడింది. మిషను చుట్టూ గాలి లాగేసినప్పుడు కలంలో మిగిలిన గాలి ఉబ్బి, ఇంకునంతా బయటికి తోసేసిందని నాకు అప్పుడు వెలిగింది. "రెండోది బాగుంటుందండి" అన్నాను. రెండోదీ అంతే. పరువు కోసం మూడోదీ విప్పాను. ఆయన చొక్కా మీద చుక్క పడింది.

"ఇంకు పోసినావా?" అంది వదిన, మెల్లగా.

"సగమే పోసినానొదినా."

ఆయన వెళ్లిపోబోయాడు. లేతు, పాక, వదిన పడ్డ కష్టం, అన్నీ నా చేతుల్లోంచి కారిపోతున్నాయి. వదిన మాత్రం కంగారు పడలేదు.

"ఒక్క నిమిషం కూకోండయ్యా" అని, ఇంకులో తడిసిన కలాన్ని గుడ్డతో తుడిచింది. నీలం మొత్తం ఊడి వచ్చింది. కింద పనస పసుపు ఎప్పటిలాగే మెరుస్తోంది. "నిన్నటి నుంచి ఇది ఇంకులో ములిగుంది. ఎక్కడన్నా మరకుంటే సూపించండి."

ఆయన కళ్లజోడు సర్దుకుని తిప్పి తిప్పి చూశాడు. గోటితో గీకి చూశాడు. మరక లేదు. వదిన పాళీని ప్యాకెట్లో మిగిలిన ఇంకులో ముంచి అందిస్తే, కాగితం మీద రాశాడు. ఇంకా రాశాడు. ఏ శత్రువూ పెట్టనంత కఠినమైన పరీక్ష నేను పెడితే, ఆవిడ పనితనం స్నానం చేసిన పసిపిల్లలా బయటికొచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకుంటే ముఖం కూడా నీలమైంది.

"ఉన్నవన్నీ నాకే. ఇకమీదట ప్రతి నెలా పంపించమ్మా" అన్నాడాయన. తర్వాత నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. "ఒక్కటే షరతు. ప్యాకింగు మేం చేసుకుంటాం."

"మీరడక్కపోయినా నానే సెప్పీదాన్ని" అంది వదిన.

పాక వదినకు దక్కింది. నేను అక్కడే బల్ల ముందు నిలబడి, నీలం చేతులు జోడించి ప్రతిజ్ఞ చేశాను. ఇంకున్న వస్తువును గానీ, ఇంకుందేమోనని అనుమానమున్న వస్తువును గానీ, మా వదిన చేతి నుంచి వచ్చిన ఏ వస్తువునైనా గానీ, ఈ జన్మలో నా మిషను దరిదాపులకు తీసుకెళ్లను.

వదిన అంతా శ్రద్ధగా విని తలూపింది.

"మంచిది మరిదీ. ఇంక ఆ సేతులు దించీ, తుడిసిన కలాల మీద ఇంకు కారతన్నాది."