అడ్డం రాని పిల్లి

ఒక పిల్లి మీద నేను అబద్ధం చెప్పాను. నవ్వు వస్తే నవ్వుకోండి. ఇన్నేళ్లుగా నా గుండె మీద బండలా కూర్చున్నది ఇదేనంటే నా భార్య కూడా నవ్వుతుంది. అందుకే ఆమెకూ చెప్పలేదు. మీరు నన్ను ఎరుగరు, నేను మిమ్మల్ని ఎరుగను. ఆ సౌకర్యం ఉంది కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది ప్రొద్దుటూరు. బట్టల అంగడి. మా నాయన శకునాల మనిషి. ఇంట్లో దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. బయటికి పోయేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు, దూరమా అనాలి. ఎవరైనా తుమ్మితే మళ్లీ కూర్చుని, మంచినీళ్లు తాగి లేవాలి. పెళ్లిబట్టలకు వచ్చినవాళ్లకు పొరపాటున నల్లచీర విప్పి చూపిస్తే ఆ పనివాడికి పొద్దు గుంకేదాకా తిట్లే. అదే నాయన, నాకు కూతురు పుడితే దాని బుగ్గన కాటుక చుక్క తానే పెట్టాడు, నడుముకు నల్లదారం తానే కట్టాడు. నలుపు ఎప్పుడు కాపాడుతుందో ఎప్పుడు చెరుపుతుందో ఆయన ఒక్కడికే తెలుసు. నేను వీటిలో దేన్నీ నమ్మేవాణ్ణి కాదు. డిగ్రీ చదివినవాణ్ణి కదా, చాటుగా వెక్కిరించేవాణ్ణి. నమ్మినవాడు చేసిన తప్పయితే ఇంత చేదుగా ఉండేది కాదు.

మా ఎదురింట్లో మాబున్ని బాడుగకు ఉండేది. భర్త కువైట్‌లో డ్రైవరు. ముందుగదిలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. మా దగ్గర చీర కొన్నవాళ్లను జాకెట్టుకు ఆమె దగ్గరికే పంపేవాళ్లం. నాకంటే పెద్దది, మాబక్కా అని పిలిచేవాణ్ణి. ఆమె ఒక పిల్లిని సాకేది. ఎక్కడా తెల్లమచ్చ లేని నల్లపిల్లి.

నాయన పట్టింపు ఆమెకు తెలుసు. రోజూ పొద్దున మా వాకిట్లో చెప్పుల చప్పుడు వినబడగానే పిల్లిని పట్టుకుని గంప కింద మూసేది. గంప మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె బరువు పెట్టేది. మా బండి సందు మలుపు తిరిగాకే గంప ఎత్తేది. ఇలా చేయమని ఆమెను ఎవరూ అడగలేదు. ఎదురింటి పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకని చేసేది, అంతే.

ఆ రోజు నేనూ నాయనా జమ్మలమడుగు బయలుదేరాం. పెద్దముడియం వైపు పెళ్లివాళ్లు కొందరు అక్కడ చుట్టాలింట్లో దిగారు, చీరల సంగతి మాట్లాడటానికి రమ్మన్నారు. బండి నేను నడుపుతున్నాను. నాయన వెనక కూర్చున్నాడు. ఊరు దాటాక ఒంటిచేత్తో నడుపుతూ ఫోను తీసి క్రికెట్ స్కోరు చూశాను. ఏ ప్రాణాపాయమో వచ్చి ఎవరో ఫోను చేస్తే ఎత్తినా చెప్పుకోవడానికి ముఖం ఉండేది. స్కోరు! తల ఎత్తేసరికి ఎదురుగా గొర్రెల మంద. బ్రేకు వేశాను. నాకు మోచెయ్యి గీరుకుంది. నాయనకు తుంటి విరిగింది.

ఆసుపత్రి వరండాలో అమ్మ, చిన్నాన్న నన్ను పట్టుకుని ఎట్లా పడ్డారని అడిగారు. నేను నోరు తెరిచాను. ఏం చెప్పాలని తెరిచానో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పింది మాత్రం ఇది: పొద్దున మాబక్క పిల్లి అడ్డం వచ్చింది, కాసేపు ఆగుదామని నాయన అన్నాడు, నేనే వినలేదు.

ఎంత తెలివైన అబద్ధమో చూడండి. తప్పు నా నెత్తిన వేసుకున్నట్టే ఉంటుంది. పెద్దవాళ్ల మాట వినని కొడుకు, పాపం, అంటారు. అసలు తప్పేమో మా గడప దాటి ఎదురింటికి పోయింది. అమ్మ నా తల నిమిరింది. ఆ కాసింత సేపట్లో అంత ఎత్తు ఎవరు వేశారు నాలోపల? నమ్మనివాడికే ఆ నమ్మకం ఎందుకు పనికొస్తుందో బాగా తెలుస్తుందా? చీకటి పడ్డాక చెడ్డవి తిరుగుతాయని చిన్నప్పుడు మమ్మల్ని బెదిరించేవాళ్లు. నేను ఆ పని చేసింది పట్టపగలు.

నాయనకు మత్తు దిగుతుంటే నాకు భయం పట్టుకుంది. పిల్లి రాలేదని ఆయనకు తెలుసు. పిల్లి అడ్డం వచ్చినా ఎట్లా పోయినావని చిన్నాన్న ఆయన్ని నిలదీశాడు. నాయన నా వైపు చూశాడు. తర్వాత కళ్లు మూసుకుని, ఔను, వచ్చింది అన్నాడు. బతుకంతా శకునానికి భయపడిన మనిషి, నా కోసం లేని శకునాన్ని ఉందని చెప్పాడు. ఇంతకంటే పెద్ద శిక్ష నాకు ఉండదని అప్పుడు అనుకున్నాను. ఎంత తొందరపడ్డానో.

మాట ఊరంతా పాకింది. పెళ్లి జాకెట్లు కుట్టమని ఇచ్చినవాళ్లు గుడ్డ గుడ్డగానే వెనక్కి తీసుకుపోయారు. శుభమా అని తొడుక్కునేది ఆ ఇంట్లో కుట్టించడం ఎందుకన్నారు. మా అంగడి నుంచి కూడా పంపడం మానేశాం. మాన్పించింది నేనే, నాయన బాధపడతాడని సాకు చెప్పి. ఆమె ముఖం చూడలేక మాన్పించాను.

ఒక సాయంత్రం ఆమె అంగడికి వచ్చింది. మెట్లు ఎక్కలేదు. కిందే నిలబడింది.

"అప్పా, మామకు ఎట్టుంది?"

"అట్లే ఉండాడక్కా."

"ఆ పొద్దు గూడా దాన్ని గంప కింద మూసినాప్పా. పైన ఇస్త్రీపెట్టె గూడా పెట్టినా. యాడ సందు దొరికిందో, ఎట్ట బయటికొచ్చిందో, శానా ఆలోచన చేస్తాండా, నాకు అర్థం కాలా. నేనే సరింగా పెట్టలేదేమో. తప్పు నాదేలే."

నేను కౌంటరు మీది గుడ్డ మడత పెడుతున్నాను. మడత పెట్టిందే విప్పి మళ్లీ పెట్టాను.

"సంచిలో ఏసుకోని మైలవరం బస్సెక్కినా. ఆడ డ్యాము కట్ట కాడ వదిలిపెట్టొచ్చినా. చేపలు పట్టేటోళ్లు ఉంటారు, ఏందో ఒకటి ఏస్తారులే దానికి. ఇంగేం భయం లేదని మామకు చెప్పప్పా."

పిల్లి రాలేదక్కా, నేను ఫోను చూసుకుంటున్నా. ఈ ఒక్క ముక్క చాలు. అంగడిలో గిరాకీ కూడా లేదు, వినేవాళ్లు ఎవరూ లేరు. నా నాలుక కదిలింది కూడా. కదిలి ఏమన్నదో తెలుసా?

"మంచిపని చేసినావులే అక్కా."

ఆమె ముఖం తేటపడింది. నిజంగా తేటపడింది. నేను ఆమెను క్షమించాననుకుంది.

పిల్లి పోయినా పని తిరిగి రాలేదు. ఇల్లుగలాయన ఖాళీ చేయమన్నాడు. మాబక్క పులివెందులలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. మంచంలో ఉన్న నాయన, ఎదురింటి మిషను చప్పుడు వినరావడం లేదేమని ఒకసారి అడిగాడు. ఖాళీ చేసి పోయిందన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మంచంలోనే పోయాడు. ఆ అబద్ధం సంగతి మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా మాటగా రాలేదు. నన్ను కాపాడాననుకున్నాడా, చెడగొట్టాననుకున్నాడా? అడిగే దమ్ము నాకు లేదు, చెప్పే ఓపిక ఆయనకు లేదు.

ఈమధ్య ఒక పెళ్లివాళ్లకు చీరలు అందించడానికి పులివెందుల పోయాను. చీరల మూట భుజాన వేసుకుని బజారు సందులో నడుస్తుంటే ఎదురుగా ఆమె. జుట్టు నెరిసింది, చేతిలో కుట్టుగుడ్డల సంచి. చూడగానే గుర్తుపట్టాను. ఆమె కూడా పట్టింది. తిడుతుందని అనుకున్నాను. నిజం చెప్పాలంటే తిట్టాలని కోరుకున్నాను. నడిబజారులో నాలుగు తిట్లు తింటే కాస్త బాకీ తీరేదేమో.

ఆమె తిట్టలేదు. నా ముఖం చూసింది, భుజం మీది పెళ్లిచీరల మూట చూసింది. గబగబా పక్కకు తొలిగింది. కొంగు తలమీదికి లాక్కుని, గోడవైపు ముఖం తిప్పి నిలబడింది. నాకు ఎదురు రాకూడదని. నా శుభకార్యం చెడకూడదని.

నేను ఏం చేశానో చెప్పనా? ఆమెను దాటుకుని పోయాను. కొంచెం తొందరగానే పోయాను.

ఇది చెప్పాల్సింది మీకు కాదని తెలుసు. పులివెందులకు ఇక్కణ్ణుంచి పొద్దస్తమానం బస్సులున్నాయి. ఎక్కలేదు. ఎక్కుతానని కూడా మాట ఇవ్వను, నా మాటకు ఉన్న విలువ మీరు చూశారు. అయినా రాసేశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. సిగ్గులేని తేలిక. ఆమె మాత్రం ఈ పొద్దున కూడా ఎవరి కోసమో పక్కకు తొలిగి, ముఖం తిప్పుకుని నిలబడే ఉంటుంది.