మీటర్ల కోసం ప్రార్థన

ఆ ఎండాకాలం నేను దేవుణ్ణి అడిగినవన్నీ కరెంటు లెక్కలే. అమెరికాలోని చాండ్లర్‌లో, చిప్ కంపెనీలకు విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నాకు కాంట్రాక్టు పని. అక్కడ ప్రతి కరెంటు ప్యానెల్‌కీ ఒక మీటరు బిగించి ఉంది. ఏ యంత్రం ఎంత తింటోందో వాటికి తెలుసు, కానీ అడిగే నాథుడు లేడు. అడిగే సాఫ్ట్‌వేర్ పెట్టడమే నా పని. అది ఒక్కో మీటరునీ వరసగా పలకరించి, చెప్పింది రాసుకుని, అంతా కూడి తెర మీద చూపించాలి. ఆ మొత్తం, కరెంటు కంపెనీవాళ్లు గేటు దగ్గర పెట్టిన పెద్ద మీటరుతో సరిపోవాలి. వినడానికి ఒకటో తరగతి కూడిక.

ఆ కూడిక తేలకపోతే మేం దేశం వదిలి వెళ్లాలి. మా ఆయన వీసా, మా అమ్మాయి వీసా రెండూ నా ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. గ్రీన్‌కార్డు మాట ఇంట్లో ఎత్తడం మానేసి చాలా కాలమైంది. అమ్మాయి హైస్కూలు ఆఖరి సంవత్సరంలోకి వెళ్తోంది. మాటలు సరిగా రాని వయసులో ఇక్కడికి వచ్చిన పిల్ల, ఇంకో దేశం ఎరగదు. నన్ను ఈ పనిలో పెట్టిన కన్సల్టెన్సీ ఆయన దేశానికి ఆ చివర, ఐసెలిన్‌లో ఉంటాడు. ఫోన్‌లో మొహమాటం లేకుండా చెప్పేశాడు.

“మేడమ్, ఈ సిస్టమ్ నడిచి గో-లైవ్ అయితే క్లయింట్ మీ కాంట్రాక్ట్ ఎక్స్‌టెండ్ చేస్తాడండి. అవ్వకపోతే నా దగ్గర వేరే ప్రాజెక్ట్ లేదు. బెంచ్ మీద పెట్టి పేరోల్ రన్ చేయలేను. కొంచెం అర్థం చేసుకోండి.”

అర్థం చేసుకోకేం, పని లేని రోజులకు జీతం ఇవ్వనని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు కదా.

మొదట్లో మీటర్లు అసలు పలకలేదు. పలికాక పిచ్చి కూతలు కూశాయి. ఏ వివరం ఏ గడిలో ఉందో చెప్పే లెక్క మీటరు తాలూకు పుస్తకంలో ఒకటి నుంచి మొదలవుతుంది, సాఫ్ట్‌వేర్‌లో సున్నా నుంచి. ఆ ఒక్క అంకె తేడాతో నేను వోల్టులు అడిగితే అది ఇంకేదో చెప్పేది. అదంతా సరిచేసి, అన్నీ చక్కగా జవాబిస్తున్నాయని సంబరపడి మొత్తం కూడితే, గేటు దగ్గర మీటరు చెప్పేదానికీ నా తెర చెప్పేదానికీ పొంతనే లేదు. నాది ఎప్పుడూ బాగా తక్కువ. ఫ్యాక్టరీలోకి వచ్చిన కరెంటు దారిలో ఎక్కడో మాయమైపోతున్నట్టు లెక్క.

ఫ్యాక్టరీ మేనేజరు మర్యాదస్తుడైన తెల్లాయన. రోజూ పొద్దున్నే నా బల్ల దగ్గర ఆగి, “ఎనీ లక్?” అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. తిట్టినా బాగుండు, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. మధ్యాహ్నం కార్లో కూర్చుని, ఏసీ పెట్టుకుని, స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండలో ఏడ్చేదాన్ని. కళ్లు తుడుచుకుని మళ్లీ లోపలికి వెళ్లి అవే అంకెలు చూసేదాన్ని. ఆ రోజుల్లో నాకు నిజంగా బతుకంటే భయం వేసింది.

మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చివాళ్ల హాలు అద్దెకు తీసుకుంటాం. గుంటూరు, ఒంగోలు, కాకినాడ వైపు కుటుంబాలే ఎక్కువ. ఆరాధన చివర్లో ప్రార్థన విన్నపాలు అడుగుతారు. ఎవరికి ఏ కష్టం ఉన్నా లేచి చెప్పొచ్చు. జబ్బులు చెబుతారు, పరీక్షలు చెబుతారు, ఊళ్లో అత్తగారి మోకాలు చెబుతారు. ఉద్యోగం ఊగుతోందని మాత్రం ఎవరూ చెప్పరు. చెబితే మర్నాటి నుంచి అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు. తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌లో మా వంతు వస్తే “ఈసారికి మీరేం తేకండి సిస్టర్” అంటారు. ఆ జాలి నాకు వద్దు. అందుకని లేచి, ఆఫీసులో మీటర్ల డేటా సరిగా రావాలని, లెక్క కలవాలని ప్రార్థన చేయమన్నాను.

బయటికి వస్తుంటే పాస్టరమ్మగారు చెయ్యి పట్టుకుని ఆపారు. “ఉద్యోగానికేం ఇబ్బంది లేదు కదా సిస్టర్?”

“అబ్బే, అదేం లేదండి. వర్క్ టెన్షన్, అంతే.”

ఇక వాళ్లు మొదలుపెట్టారు. మావాళ్లు ఒక విషయం పట్టుకుంటే వదలరు. శుక్రవారం ఉపవాస ప్రార్థన కాన్ఫరెన్స్ కాల్‌లో నా మీటర్లు చేరాయి. “తండ్రీ, ఆ మీటర్లను నీవే మాట్లాడించు, ప్రతి లెక్కనూ నీవే కలుపు” అని పాస్టరమ్మగారు కన్నీళ్లతో వేడుకున్నారు. రిటైరైన డాక్టరు అంకుల్ ఒకాయన యూనిట్ల కోసం విడిగా ప్రార్థించారు. మా అమ్మాయి కూడా నా పక్కన కూర్చుని కళ్లు మూసుకుంది. “గాడ్, అమ్మ మీటర్స్ మ్యాచ్ అవ్వాలి. అమ్మ స్లీప్ చేయట్లేదు.” దానికి తెలిసింది అంతవరకే. అసలు సంగతి చెప్పొద్దని మా ఆయనకు గట్టిగా చెప్పి ఉంచాను.

ఒకరోజు పనిమీద కంప్రెసర్ గదిలోకి వెళ్లాను. గాలిని కుక్కే పెద్ద యంత్రాలు. ఆ మోతకు చెవులు గింగురుమన్నాయి. బయటికొచ్చి ఆ గది మీటరు చెబుతున్న అంకె చూస్తే, పట్టుమని రెండు ఇళ్లకు కూడా సరిపోదు. ఇంత గోల చేసేది ఇంత తక్కువ తింటుందా? అప్పటిదాకా నేను ఒక్కో మీటరునీ మొత్తం మాత్రమే అడుగుతున్నాను. మొదటిసారి, యంత్రానికి కరెంటు తెచ్చే మూడు తీగల లెక్కా విడివిడిగా అడిగాను. రెండు మామూలుగా వచ్చాయి. మూడోదాని ముందు మైనస్ గుర్తు ఉంది.

మీటరు కొలవడానికి ప్రతి తీగ చుట్టూ ఉంగరంలాంటి సెన్సర్ ఒకటి తొడుగుతారు. దాన్ని తిరగేసి తొడిగితే కరెంటు వెనక్కి పోతున్నట్టు చెబుతుంది. మూడింట్లో ఒకటి తిరగబడితే, రెండు తీగల లెక్కలోంచి మూడోది తీసివేత అయిపోయి మూడో వంతు మిగులుతుంది. అది చూడటానికి బుద్ధిగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. మిగతా ప్యానెళ్లు కూడా అలాగే అడిగి చూస్తే ఇంకొన్ని దొరికాయి. ఎలక్ట్రీషియన్ ఒక్కో ప్యానెల్ ఆపి ఉంగరాలు తిప్పి పెట్టాడు. తెర మీద నా గీత లేచి వెళ్లి గేటు మీటరు గీతను ఆనుకుని నడవసాగింది. నేను చూస్తూ కూర్చుండిపోయాను.

మేనేజరు వచ్చి చాలాసేపు తెర చూశాడు. “బ్యూటిఫుల్,” అన్నాడు. “సో ఇట్ రన్స్ బై ఇట్‌సెల్ఫ్ నౌ?”

అవును, ఇక ఎవరూ ముట్టుకోనక్కర్లేదు అని నేనే గొప్పగా చెప్పాను. నా నోటితో నేనే.

శుక్రవారం ఐసెలిన్ నుంచి ఫోన్ వచ్చింది. “కంగ్రాట్స్ మేడమ్, క్లయింట్ సూపర్ హ్యాపీ. సిస్టమ్ దానంతట అదే రన్ అవుతోంది కాబట్టి అక్కడ ఇక మనిషి, అదే రిసోర్స్, అవసరం లేదన్నాడండి. మీ కాంట్రాక్ట్ మంత్ ఎండ్‌కి క్లోజ్ చేస్తున్నారు.”

“ఎక్స్‌టెన్షన్ అన్నారు కదండీ మీరు?”

“నేనూ అలాగే అనుకున్నాను మేడమ్. నా చేతిలో ఏముంది చెప్పండి.”

ఆ తర్వాత మాకు మిగిలేది, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి, దొరక్కపోతే దేశం వదలడానికి చట్టం ఇచ్చే రెండు నెలల గడువు. మా ఆయన వంటింట్లో నిలబడే విన్నాడు. “పిల్లకు చెప్పేద్దామా?” అన్నాడు. ఆదివారం గడవనీ అన్నాను. నాకు దేవుడి మీద కోపం వచ్చింది. కానీ నేను అడిగింది మీటర్లు కలవాలనే. అంతమంది చేత అడిగించిందీ అదే.

ఆదివారం అమ్మాయి నాకంటే ముందే కారెక్కింది. మీటర్లు కలిశాయని పాస్టరమ్మగారికి మెసేజ్ పెట్టింది అదేనట. ఆరాధన అవుతూనే ఆవిడ మైకు నా చేతికిచ్చి, “సాక్ష్యం చెప్పండి సిస్టర్, దేవుడు చేసిన మేలు దాచుకోకూడదు” అన్నారు.

“అందరికీ వందనాలు. మీటర్లు కలిశాయి,” అన్నాను. హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొడుతున్నది మా అమ్మాయి. అక్కడితో ఆపి కూర్చుని ఉండొచ్చు. మైకు తిరిగి ఇవ్వలేదు.

“నా ఉద్యోగం పోయింది. మేం వెళ్లిపోవాలి,” అన్నాను.

వెనక వరసల్లోంచి ఎవరో అలవాటు కొద్దీ “ఆమెన్” అన్నారు. మా అమ్మాయి చేతులు దించి వాళ్ల నాన్న ముఖంలోకి చూసింది.