హార్మోనియంలో సమ్మె పాట

మొన్న మా అమ్మాయి నా ఫోనులో ఏదో నొక్కి, నాలాంటి ఆలోచనలున్నవాళ్ల గుంపులో నన్ను కలిపింది. చేరిన గంటకే వేలమంది 'లాల్ సలాం' చెప్పారు. బదులు చెప్పీ చెప్పీ నా బొటనవేలు బూరెలా ఉబ్బింది. ఒకప్పుడు ఆ మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషి దొరక్క నేను గోడలతో మాట్లాడానంటే, నా ఈడువాళ్లు మాత్రమే నమ్ముతారు.

కరీంనగర్‌లో డిగ్రీ ముగించి, చంకలో ఎర్ర అట్టల పుస్తకాలు, మొహంమీద పిట్టలు గూడు కట్టుకోగలిగినంత గడ్డంతో నేను మెట్‌పల్లిలోని మా నేతవాడకు తిరిగొచ్చేసరికి, అక్కడ ఎరుపంటే కుంకుమ ఒక్కటే. నన్ను కన్న అవ్వ నా గడ్డం చూసి ఏదో దేవుడి మొక్కనుకుని మురిసిపోయింది. బాపు భజన మండలికి పెద్ద. ఆయన రాగం ఎత్తుకుంటే నిర్మల్ కొయ్యబొమ్మలు సైతం తలలూపుతాయని చెప్పుకునేవారు, ముఖ్యంగా ఆయనే. శనివారం సాయంత్రాలు నా చేతికి తాళాలిచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టేవాడు. మనసులో మాట పంచుకునే మనిషే లేని ఈ ఊళ్లో ఉండలేనని, మస్కట్‌లో ఉన్న చిన్నాన్న దగ్గరికి పోవడానికి పాస్‌పోర్టు ఫొటో కూడా దిగాను. గడ్డమంతా అందులో పట్టలేదు.

అలాంటి ఒక శనివారం, అందరూ హారతి కర్పూరం కోసం వెతుకుతుండగా, హార్మోనియం మామ ఊరికే పెట్టె మెట్లమీద వేళ్లు ఆడించాడు. సొంత మామ కాదు, వాడ వరసకు మామ. పగలంతా సాంచల మీద, ఆ మరమగ్గాల మోతలో, బట్ట నేసి, శనివారం మాకు భక్తి నేసిపెట్టేవాడు. ఆ వేళ్ల కింద పలికిన వరుస, కరీంనగర్ సమ్మె ఊరేగింపుల్లో నేను గొంతు చించుకుని పాడిందే! తరువాతి చరణాన్ని మెల్లగా కూనిరాగం తీశాను. మామ చేతులు ఆగిపోయాయి. ప్రసాదం పంచేటప్పుడు నా చెవి దగ్గరికి వంగాడు.

"అల్లుడా, నువ్వు గూడనా? ఇన్నేండ్ల సంది ఒక్కణ్నే ఉన్న, జర ముందుగాల పుట్టొద్దా!"

ఆనాటి నుంచి సాధన పేరుతో రోజూ సాయంత్రం భజన గదిలో కూర్చుని, నేత కూలి మొదలుకొని శ్రీరాంపూర్ బొగ్గుబాయిల దాకా లోకంలో ఒక్క చిక్కు కూడా మిగల్చకుండా తీర్చేసి, ఆకలేసి ఇళ్లకు పోయేవాళ్లం. గుమ్మంలో ఎవరి చెప్పుల చప్పుడైనా వినబడితే విప్లవం అప్పటికప్పుడు విఠలుడి పాటలోకి దూకేది.

ఒకరోజు చెప్పుల చప్పుడు వినబడలేదు. సమ్మె పాట పతాకస్థాయిలో ఉండగా తలెత్తితే బాపు నిలబడి ఉన్నాడు. హార్మోనియం ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. మామను మండలి నుంచి వెళ్లగొడితే దొరికిన ఆ ఒక్క తోడూ పోతుందని నా గుండె ఎగిరి గడ్డంలో చిక్కుకుంది.

"బావా, ఉన్నది ఉన్నట్టు చెప్పు," అన్నాడు బాపు. "దేవుడున్నడా, లేడా?"

మామకు అబద్ధం చేతకాదు. "లేడు బావా."

"వాడల పెట్టె వాయించేటోడు నువ్వు గాక ఇంకోడున్నడా?"

"లేడు."

"మరింక పరేషాన్ ఎందుకు? దేవుని సంగతి దేవుడే సూసుకుంటడు. శనివారం జల్ది రా. గీ వరుస మస్తున్నది, మాటలు మార్చి నేను పాడుత."

ఆ శనివారం వాడంతా కళ్లు మూసుకుని సమ్మె వరుసలో దేవుణ్ని పిలిచింది. అవ్వ కళ్లు తుడుచుకుంది. నేను మస్కట్ పోలేదు.

మామ పోయి చాలాకాలమైంది, బాపు కూడా. భజన గదిలోకి మనిషెత్తు స్పీకరొచ్చింది; మీట నొక్కితే చాలు, శ్రుతి తప్పకుండా అదే పాడుకుంటుంది, ఎవరినీ బతిమాలే పనిలేదు. బాపు ఏమంత విశాల హృదయుడు కాడు, ఆయనకు పెట్టె వాయించే మనిషి కావాలి, అంతే. ఆ అవసరమే మా ఇద్దరికీ ఆ వాడలో చోటిచ్చింది. ఇవాళ ఎవరికీ ఎవరితో పనిపడటం లేదు, కాబట్టి ఎవరూ ఎవరినీ భరించనక్కరలేదు. శనివారాలు నన్నెవరూ పిలవరు. నేనూ వెళ్లను.