దేవదానం మాస్టారి నిచ్చెన

మొన్న మా ఇంటికి సున్నం వేస్తుంటే వెదురు నిచ్చెన గోడను గీసుకుంటూ జర్రున జారింది. పనివాడు దూకేశాడు, దెబ్బేమీ తగల్లేదు. నేనే కాఫీ గ్లాసు పక్కన పెట్టి గోడ మీద పడ్డ చారల దగ్గరికి వెళ్లాను. ఆ చప్పుడు నాకు తెలుసు.

అరవైల చివర్లో, కళింగపట్నం దగ్గర మా ఊళ్లో హైస్కూలంతా తెలుగులో చదివి, శ్రీకాకుళం కాలేజీలో, అప్పట్లో ఇంటర్‌కి బదులుండే పి.యు.సి.లో చేరాను. అక్కడ అన్నీ ఇంగ్లీషే. అర్థంకాక లెక్కల్ని పద్యాల్లా బట్టీపట్టాను. పరీక్షలో అంకెలు మార్చి ఇస్తే, నేను బట్టీపట్టిన జవాబే రాసి వచ్చాను. లెక్కలూ ఫిజిక్సూ రెండూ పోయాయి. “సెప్టెంబరు పరీచ్చల్లో గట్టెక్కితే సదువు, నేదంటే నేదు” అన్నాడు నాన్న. ఆయన మాటంటే మాటే.

మా వీధి చివర దేవదానం మాస్టారుండేవారు. మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఏడుపు మొహంతో ఆయన దగ్గరికెళ్లాను. గోడకి ఆనించిన నిచ్చెన అడుగు జరుగుతుంటే పై కొస ఎంత వేగంగా దిగుతుందన్న లెక్క తీశారు. నేను గడగడా ఇంగ్లీషులో చదివేశాను.

“అది పుస్తకం మాట. నీ మాటల్లో సెప్పమ్మా, ఏటి కదుల్తన్నాది?”

నేను మళ్లీ పుస్తకంలో వాక్యమే అప్పజెప్పాను. ఆయన లేచి, క్రిస్మస్ సున్నాలకని పెరట్లో ఉంచిన నిచ్చెన తెచ్చి ముందు గోడకి వేశారు. “అడుగు పట్టుకుని లాగు. ఒకేలాగ లాగు.” లాగాను. పై కొస సున్నం గీరుకుంటూ మెల్లగా దిగి, దిగి, చివరికి ధబ్బున పడింది.

“గోడంతా పాడుసేస్తన్నారు!” అని లోపలినుంచి భార్య మార్తమ్మగారు అరిచారు.

“అడుగు ఒకేలాగ జరిగినాది. మరి పైదో?” అన్నారు మాస్టారు.

“ముందు నెమ్మదిగా... ఆఖర్న గబుక్కున.”

“అదేనమ్మా కేలిక్యులస్. ఇంగ్లీసు తరవాత.”

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నేను మొద్దుని కానని అంతకుముందు ఎవరూ అనలేదు మరి. ఆ వేసవంతా ఏ లెక్కయినా ముందు నా మాటల్లో చెప్పాకే పెన్సిలు ముట్టనిచ్చేవారు. ఫిజిక్స్ మాత్రం ఆయనకీ అంతంతమాత్రమే. అద్దాల లెక్కల్లో ఎక్కడ ప్లస్సో ఎక్కడ మైనస్సో తెలియక ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం. ఆయనకొక జవాబు, నాకొకటి, పుస్తకంలో వేరొకటి.

సెప్టెంబరులో లెక్కలు గట్టెక్కాను. ఫిజిక్స్ పోయింది.

మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఇంటికొచ్చారు. నాన్న కుర్చీ వేసి మజ్జిగ ఇప్పించాడు.

“ఒక్క ఫిజిక్సే కదా, ఇంకొక్కసారి రాయనియ్యండి. పిల్లకి బుర్రున్నాది.”

“మీరు కష్టపడ్డారు మాస్టారూ, కాదనను. ఇంక సాలు.”

తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. మాస్టారు మజ్జిగ తాగకుండానే లేచారు. ఆ తర్వాత మా అమ్మ నాకు పుస్తకాలు కనపడనివ్వలేదు. నేనూ అడగలేదు, అడిగే ఓపిక చచ్చిపోయింది.

డిసెంబరులో మిషన్ వాళ్ల ఇళ్లన్నీ తెల్లగా మెరిశాయి. మాస్టారి ముందు గోడ మీద మాత్రం నిచ్చెన గీసిన చారలు అలాగే ఉన్నాయి. అంత మేర సున్నం వేయనివ్వలేదట. “ఆ పిల్ల మళ్లీ వస్తాది” అన్నారని మార్తమ్మగారు మా అమ్మతో చెప్పారు. నేను వెళ్లలేదు. ఏ మొహంతో వెళ్లను? మరుసటేడు ఆయన పోయారు. ఆ పై క్రిస్మస్‌కి గోడంతా సున్నం వేసేశారు.

నా సంసారం, నా వంటిల్లు బాగానే గడిచాయి. నిచ్చెన పై కొస ఏ క్షణాన ఎంత వేగంగా దిగుతుందో ఇవాళ అడిగినా చెప్పగలను, నా మాటల్లోనూ, ఇంగ్లీషులోనూ. అడిగేవాళ్లే లేరు.