ఖాళీగా తిరిగొచ్చిన ఫోల్డరు

ఏసీ వేయగానే వచ్చే ఆ తడి దుమ్ము వాసన తగిలితే చాలు, ద్వారకా నగర్‌లోని మా పాత ఆఫీసు సర్వర్ గది మగతలో కనిపించినట్టు కళ్ల ముందుకు వస్తుంది. పదేళ్ల పైమాట. గాజువాక నుంచి బస్సులో వచ్చేదాన్ని. పడవల డిజైన్లు గీసే ఆ చిన్న ఆఫీసులో కంప్యూటర్లన్నీ అప్పలరాజు గారి చేతిలో ఉండేవి. ఆయన కింద పని నేర్చుకోడానికి చేరాను. సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబం ఆయనది. నీటిని చూసినట్టే తెరను కూడా తొందర లేకుండా చూసేవారు. ఆ నెమ్మదికి నాకు ఒళ్లు మండేది.

స్నాప్‌షాట్ అంటే ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే పట్టి ఉంచడం. పని చెడితే మళ్లీ అక్కడికి వెళ్లిపోవచ్చు. అయితే సబ్‌వాల్యూమ్ అనే పెద్ద అర లోపల మరో సబ్‌వాల్యూమ్ ఉంటే, దానికి విడిగా తీయాలి. మొదటి వారమే చెప్పారాయన. “ఇంటికి ఫొటో తీస్తే గది తలుపు పడతాది గానీ, లోపల సామాను పడదమ్మా.” తలూపాను గానీ మనసు పెట్టి వినలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లినప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. పెద్ద అరకు ముందే స్నాప్‌షాట్ తీశానన్న ధీమా. ఆ సాఫ్ట్‌వేర్ కాస్తా వికటించింది. పాత అరను తీసేసి స్నాప్‌షాట్‌ను దాని స్థానంలో పెట్టబోతే, లోపల ఇంకోటి ఉందంటూ కంప్యూటర్ మొండికేసింది. ఎలాగూ ఫొటోలో ఉంది కదా అని, విసుగులో ఆ లోపలిదాన్నీ చెరిపేశాను. తిరిగి తెరిస్తే ఫోల్డరు పేరుంది, లోపల ఏమీ లేదు. అందులో ఉన్నది మా ఆఫీసులో డిజైన్లు గీసే లక్ష్మి గారి మూడు నెలల పని, ఒక పడవ డిజైను. దానికి ఇంకో కాపీ లేదు.

అప్పలరాజు గారు వచ్చి చూసి, నన్ను ఆవిడ దగ్గరకు తీసుకెళ్లారు. సిస్టం ఏదో చేసిందండీ అని మొదలుపెట్టాను. “సిస్టం ఏటీ సెయ్యలేదు. ఎవులు సేసేరో సెప్పు,” అన్నారాయన మెల్లగా. చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, సొరుగులోంచి తను కొలతలు రాసుకున్న పాత నోటుపుస్తకం బయటికి తీశారు. తిట్టినా బాగుండేది.

ఆయన పురమాయింపు మీద మూడు వారాలు ఆవిడ పక్కన కూర్చుని, ఆ నోటుపుస్తకంలోని కొలతలు చదివాను. ఆవిడ గీశారు. ఆ మధ్యాహ్నాలు కలలో గడిచినట్టే గడిచాయి. నా గొంతు, మౌస్ చప్పుడు, తెర మీద ఒక్కో చెక్కా చేరుతూ లేస్తున్న పడవ.

చివరి గీత పడిన రోజు స్నాప్‌షాట్ నన్నే తీయమన్నారు అప్పలరాజు గారు. రెండు అరలకూ విడివిడిగా తీశాను. ఆయన సరిచూస్తారని లేచి కుర్చీ ఇచ్చాను. “నువ్వు సూసేవు కదా,” అని ఆయన టీకి బయల్దేరారు. ఆ నమ్మకానికి నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్లు ఎవరైనా తప్పు చేస్తే, సరిదిద్దుకున్నాక ఆ పనిని మళ్లీ వాళ్ల చేతికే ఇస్తాను. ఇచ్చి, వెనకాల నిలబడకుండా బయటికి వచ్చేస్తాను. అలా రావడం నాకు ఇప్పటికీ చాలా కష్టంగానే ఉంటుంది.