తెర వెనక నుంచి చూసిన సముద్రం

వంటింటి సింకు పక్కన మా కోడలు పెట్టే పచ్చటి స్పాంజి ముక్క నాలుగు రోజులకే ముక్కిపోయిన వాసన కొడుతుంది. ఆ వాసన తగిలితే ఈ వయసులోనూ నా అరిచేతులు చల్లబడతాయి. అది ప్లాస్టిక్ అని నాకు తెలుసు. అసలు స్పాంజి సముద్రం అడుగున రాళ్ళనంటుకుని బతికే ప్రాణి అని, పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేనే కూడబలుక్కుని చదివాను. కానీ ఆ మాట మొదట విన్నది మలేషియాలో, సుంగై పెటాని దగ్గర మా రబ్బరు తోటలో, వ్యానులో వచ్చి ఆడించిన ఓ చౌకబారు సినిమాలో.

రబ్బరు చెట్లు ఆకు రాల్చే కాలం. ఎర్రటి ఎండాకులు కాళ్ళ కింద అప్పడాల్లా విరుగుతుండగా, ఉగాది బూరెలకని అమ్మ దాచిన బెల్లం చుట్టూ చీమలు, చీమల చుట్టూ మేము తిరుగుతుండగా, పొద్దుగూకేవేళ మైదానంలో తెర లేచింది. ముందు కుర్చీల్లో ఆఫీసు గుమాస్తాల కుటుంబాలు. కూలి లైన్ల ఇళ్ళవాళ్ళం తెర వెనక చాపల మీద. ఎవడు పెట్టాడో ఆ పద్ధతి! చెట్టు గీసేదీ రబ్బరు పాలు మోసేదీ మేము, బొమ్మ సరిగ్గా చూసేది వాళ్ళు.

సినిమాలో, ఇత్తడి టోపీ బిగించుకుని ఒకడు స్పాంజీల కోసం సముద్రంలో దిగుతాడు. పడవ మీది నుంచి రబ్బరు గొట్టంలో అతనికి గాలి. ఆక్టోపస్ వచ్చింది గానీ దాన్ని ఆడించే తీగలు కనబడి అందరూ నవ్వారు. నేను బిగుసుకుపోయింది ఆ తరవాత. పడవ మీద ఉన్న స్నేహితుడే, నవ్వుతూ, ఎడమచేత్తో కత్తి తీసి గొట్టం కోసేశాడు. వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుందని మాకు చెప్పిన నాథుడు లేడు. మా లైన్లలో ఎడమచేతివాటం మనిషి ఒక్కడే, మా అయ్య ప్రాణస్నేహితుడు ఎర్రన్న మామ. అందరూ పుర్రచేతి ఎర్రన్న అనేవారు.

ఉగాదికి ముందు, నీళ్ళు అడుగంటినప్పుడు, నూతిలో పూడిక తీయడం మా ఆనవాయితీ. సినిమా మర్నాడు మధ్యాహ్నం అయ్య నడుముకి తాడు కట్టుకుని నూతి గట్టు మీద కూర్చున్నాడు. చెడుగాలి ఉందేమో చూడడానికి ముందు దీపం దించారు. అది నిలకడగా వెలిగింది, లోపలే వేలాడనిచ్చారు. తాడు రెండో కొస పట్టుకున్నది ఎర్రన్న మామ, అదీ ఆ ఎడమచేత్తో. చెట్లు గీసి నేరుగా వచ్చాడేమో, మొలలో గీతకత్తి ఉంది. నా గొంతు నాకు తెలియకుండానే లేచింది.

"అయ్యా, దిగొద్దు! మామ కోసేత్తాడు!"

"సినిమా పిచ్చెక్కింది గుంటడికి," అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. కత్తి తీసి దూరంగా గిరాటేశాడు. తాడు తన నడుముకే రెండు చుట్లు తిప్పి ముడేశాడు.

"సూడరా అల్లుడా, మీ అయ్య పడితే నానూ పడతాను. ఇంకేటి బయ్యం?"

బయ్యం పోలేదు, రెట్టింపయింది. ఇప్పుడు ఇద్దరు పడతారు. అయ్య తల గట్టు కింద మాయమయ్యాక, లోపలి నుంచి వచ్చే దగ్గు కూడా ఎవరిదో అనిపించింది. బురద కెలుకుతున్న చప్పుడు వినిపించింది, ఆగింది. వంగి చూసిన మనిషి "దీపం ఆరిపోనాది!" అని అరిచాడు. అంతలో తాడు ఒక్కసారిగా బరువెక్కి మామని గట్టుకేసి ఈడ్చింది. మోకాళ్ళు రాళ్ళకి ఆనించి ఆయన వెనక్కి వాలాడు. మిగతావాళ్ళు పరిగెత్తుకొచ్చి తాడందుకునేదాకా ఆ బరువంతా ఆయన నడుము మీదే ఉంది. అయ్య పైకొచ్చేసరికి పెదాలు నేరేడుపండు రంగు. నీళ్ళు చల్లితే ఎంతోసేపటికి కళ్ళు తెరిచాడు. మామ లుంగీ అంచున నెత్తురు ఊరుతోంది. "నీ యమ్మ, బరువు తగ్గరా బావా," అన్నాడు, రొప్పుతూ.

ఆ తోట కొట్టేశారు. నుయ్యి ఉన్నచోట ఇప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళు కార్లు నిలుపుతారు. అయ్యా లేడు, మామా లేడు.

మొన్న అదే స్పాంజీల కథ కొత్తగా తీశారని మనవరాలు మాల్‌కి తీసుకెళ్ళింది. మెత్తటి కుర్చీ, తెరకి ముందువైపు. ఈసారి ఆక్టోపస్‌కి తీగల్లేవు, దాని కన్ను కూడా తడిగా ఉంది. జనం కేకలు పెట్టారు, నేను కదల్లేదు. కానీ ఆ కుర్రాడు వీపున గాలి సిలిండర్ తగిలించుకుని, ఒక్కడూ, ఏ తాడూ లేకుండా ఆ నల్లటి నీళ్ళలోకి దిగుతుంటే నాకు ఊపిరాడలేదు. లేచి బయటికొచ్చేశాను. మనవరాలు, ఇక్కడి వాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించే పిల్ల, వెనకే పరిగెత్తుకొచ్చింది.

"ఎందుకు వచ్చేసినావ్ తాతా? ఆక్టోపస్ బయమా లా?"

"ఆడికి పైనెవుడూ లేడే అమ్మా," అన్నాను.

అది హాలు తలుపు వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"పైన అంటే ఎక్కడ తాతా?"