మొదటివాడికి సన్మానం

మా నాన్నకి శాలువా కప్పిన పెద్దమనుషుల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. తగ్గించుకోమని చాలామంది చెప్పారు. ఇంత వయసు వచ్చాక ఇంకా ఎందుకమ్మా అంటారు. వయసు వస్తే బీపీ వస్తుంది, మోకాళ్ళ నొప్పులు వస్తాయి. క్షమాగుణం కూడా వాటితోపాటే వస్తుందని ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఇందులో ఎవరి పేరూ రాయను. వాళ్ళ పేర్లు నా చేత్తో రాయడం నాకిష్టం లేదు. వాళ్ళ సరసన మా నాన్న పేరు పెట్టడం అంతకన్నా ఇష్టం లేదు.

మేం రెల్లివాళ్ళం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి పారిశుధ్యం పనికి జంషెడ్‌పూర్ వచ్చి, బర్మామైన్స్‌లో రైలు కట్టకి దగ్గరగా ఒక్క గదిలో కాపురం పెట్టాడు. నాన్న అక్కడే పుట్టాడు, అక్కడే చీపురు పట్టాడు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. ప్లాంటులో, రైల్వేలో, కాంట్రాక్టు పనుల్లో ఎటు చూసినా మనవాళ్ళే. బెంగాలీల ముందూ బీహారీల ముందూ 'మనమంతా తెలుగువాళ్ళం' అని ఛాతీ విరుచుకునేవారు. తమలో తాము కూర్చున్నప్పుడు మాత్రం ఎవరిని ఎంత దూరంలో ఉంచాలో ఒక్కరూ మరిచిపోయేవారు కాదు.

వాళ్ళకో క్లబ్బు ఉండేది. నాటకాలు వేసేవారు, దసరాకి పూజ చేసేవారు, ఫుట్‌బాల్ జట్టు నడిపేవారు. మా వీధివాళ్ళు ఆ క్లబ్బుకి వెళ్ళేది వాకిలి ఊడవడానికి. మావాళ్ళలో చొక్కా తొడుక్కుని ఆ జట్టులో ఆడిన మొదటివాడు మా నాన్న.

అది తమ సంస్కారం వల్లనే జరిగిందని తర్వాత కథ అల్లారు కాబట్టి అసలు సంగతి చెప్పాలి. బెంగాలీ క్లబ్బుతో పోటీ దగ్గర పడగా వాళ్ళ రైట్ అవుట్ కాలు విరగ్గొట్టుకున్నాడు. రైట్ అవుట్ అంటే కుడివైపు గీత వెంబడి బంతి తీసుకుని పరిగెత్తేవాడు. రైలు కట్ట పక్కన నాన్న వట్టికాళ్ళతో ఆడుతుంటే ఎవరో చూశారు. బెంగాలీల చేతిలో ఓడిపోవడం కన్నా రెల్లివాణ్ణి ఆడించడమే నయమనుకున్నారు. అంతకు మించి అందులో ఏమీ లేదు. గెలవాలన్న కక్కుర్తి. ఏడో నంబరు చొక్కా ఇచ్చారు, గెలిచారు, గెలిపించినవాణ్ణి వదులుకోలేక ఏళ్ళ తరబడి ఆడించారు.

ఎలా ఆడించారో కూడా చెబుతాను. బంతి గోల్లోకి వెళ్తే ఈలలు వేసిన నోళ్ళే, అది కాలి నుంచి జారిపోతే "చీపురు పట్టుకోరా" అని గీత పక్కనుంచి అరిచేవి. అరిచింది బెంగాలీలు కాదు, మనవాళ్ళే. ఆట అయ్యాక జట్టంతా క్లబ్బు హాల్లో వరసగా కూర్చుని భోంచేసేవారు. నాన్నకి మాత్రం పొట్లం కట్టి ఇచ్చేవారు. పిల్లలకి పట్టుకెళ్ళరా అని ఎంతో ప్రేమగా చెప్పేవారు. పులిహోర, రెండు గారెలు. నేనూ అన్నయ్యా ఆ పొట్లం కోసం గుమ్మంలో కాచుకుని కూర్చునేవాళ్ళం. బాగుండేది, ఆ మాట కాదనను. కాస్త ఊహ తెలిశాక ఒకసారి అమ్మని అడిగాను, నాన్న కూడా అక్కడే తిని రావచ్చు కదా అని.

"కూకోబెడితే గదే తినీది" అంది అమ్మ, చేతిలో పని ఆపకుండా. ఆ తర్వాత నాకు పులిహోర సహించడం మానేసింది.

నాన్న కాళ్ళు అన్నయ్యకి వచ్చాయి. అదే పరుగు, అదే కుడివైపు గీత. నేను తెలుగు బడిలో టీచరుగా చేరే నాటికి అన్నయ్య ఒక ఠేకేదారు దగ్గర, అంటే కాంట్రాక్టరు దగ్గర, దినకూలీకి వెళ్ళేవాడు. ఆ రోజుల్లో క్లబ్బు జట్టులో నిలకడగా ఆడిన కుర్రాళ్ళకి ప్లాంటు జట్టు ట్రయల్‌కి పిలుపు వచ్చేది. అక్కడ నెగ్గితే పర్మనెంటు ఉద్యోగం. చదువు పెద్దగా లేనివాడికి, చీపురు పట్టనని పంతం పట్టినవాడికి, అంతకు మించిన దారి ఆ ఊళ్ళో లేదు. అన్నయ్యకి కావలసింది ఆ జట్టులో ఒక చోటు. ప్రతి ఏడూ వెళ్ళి అడిగేవాడు. వచ్చే ఏడు చూద్దాంలే అనేవాడు క్లబ్బు సెక్రటరీ. ఈ సెక్రటరీ ఒకప్పుడు నాన్నతో కలిసి ఆడినవాడే. నాన్న అందించిన బంతులతో గోల్స్ కొట్టి పేరు తెచ్చుకున్నవాడే.

ఎనభైల మొదట్లో ఒక సాయంత్రం ఆ సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. అన్ని ఏళ్ళలో అదే మొదటిసారి రావడం. అమ్మ కుర్చీ వేసింది. కూర్చోలేదు, గడప దాటలేదు.

"ఒరే, నీకు సన్మానం చేత్తన్నాంరా" అన్నాడు నాన్నతో. "ప్రెసిడెంటు గారు అమెరికా ఎల్లొచ్చారు గదా, ఆరి ఆలోచన. నీ ఏడో నంబరు సొక్కా అద్దాల పెట్టెలో పెట్టి హాల్లో తగిలిత్తాం. ఇంక మన జట్టులో ఆ నంబరు ఎవుడూ ఏసుకోడు. అంత గౌరవం."

"మరి మావోడి సంగతేటి బాబూ?" అన్నాడు నాన్న.

"ఆడి సంగతేటి?"

"ఆడూ రైట్ అవుటే గదా."

"అదేరా సిక్కు. రైట్ అవుట్ అంటే ఏడు. ఏడు నీది. ఇంకోడికిచ్చేత్తే నీ మర్యాద ఏటవుద్ది?"

అప్పట్లో ఆడే చోటుని బట్టి నంబరు ఉండేది, ఆ మాట నిజమే. కానీ నేను ఊరుకోలేదు. మరి ఆ చోటులో ఎవరు ఆడతారని లోపలినుంచే అడిగాను. "మా మేనల్లుడమ్మా. పన్నెండు ఏసుకుని ఆడతాడు" అన్నాడు, మొహంలో ఒక్క నరం కదలకుండా. ఆ పన్నెండేదో మా అన్నయ్యకే ఇవ్వచ్చు కదా అన్నాను. అతను నాన్న వైపు తిరిగాడు. నీ కూతురికి సదువొచ్చింది గానీ నోరు పెద్దదైపోయిందిరా అని నాన్నతో అని వెళ్ళిపోయాడు.

"ఛోడో నా. యే లోగ్ నహీ లేంగే" అన్నాడు అన్నయ్య, వదిలెయ్యండి, వీళ్ళు నన్ను తీసుకోరని. ఇంట్లో మేం తెలుగులో మాట్లాడినా అతను హిందీలోనే జవాబు చెప్పేవాడు. ఆ రోజు ఆ హిందీలో కూడా ఓపిక లేదు.

నాన్న మాత్రం వదల్లేదు. "అందరి ముందూ అడుగుతానురా. సాలువా కప్పినోడు కాదంటాడేటి? నువ్వు బూట్లు అట్టుకుని రా" అన్నాడు. శాలువా కప్పేవాళ్ళ గురించి నాన్నకి అంత నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందా అని నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ మాట విన్నాక అన్నయ్య బూట్లకి నూనె రాసుకోవడం చూశాను. నేనూ లోపల్లోపల ఆశపడ్డాను.

సన్మానం సిద్ధగోరా వైపు మైదానంలో పెట్టారు. షామియానా, మైకు, ముందు వరసలో సోఫాలు. సన్మానం తర్వాత ఒక ఆట. జనం బాగానే వచ్చారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేజి మీద కుర్చీ అంచున కూర్చున్నాడు. అన్నయ్య గీత పక్కన బూట్లు తొడుక్కుని, లేసులు బిగించుకుని తయారుగా ఉన్నాడు. మైకు ముందుకు వచ్చేసరికి సెక్రటరీకి నాన్న పేరు చివర 'గారు' తగిలించడం వచ్చింది. ఎప్పుడు నేర్చుకున్నాడో.

ప్రెసిడెంటు గారు ప్లాంటులో ఇంజనీరు. ఆయన మాట్లాడింది నిజంగా బాగుంది. అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉందట, మన క్రికెట్టుకి దూరపు చుట్టంలాంటిది. పెద్ద పెద్ద జట్లలో తెల్లవాళ్ళే తప్ప నల్లవాళ్ళని చేరనిచ్చేవారు కాదట. ఒక నల్లాయన ఆ కట్టు తెంచుకుని మొదటగా మైదానంలోకి దిగాడట. జనం బూతులు తిట్టారు, చంపుతామని బెదిరించారు, కొన్ని హోటళ్ళు గది ఇవ్వలేదు. ఆయన పళ్ళు బిగబట్టి ఆడాడు, తిట్టినవాళ్ళ కళ్ళముందే గెలిచాడు. ఆయన తొడిగిన నంబరుని ఆ జట్టు ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవంగా పక్కన పెట్టేసిందట. మనమూ మన మొదటివాణ్ణి అలాగే గౌరవించుకుందాం అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు.

ఊరూ పేరూ సరిగ్గా వినబడని ఆ నల్లాయన మీద నాకు ఆ నిమిషంలో ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. మా నాన్నకి ఎక్కడో సముద్రాల అవతల ఒక అన్న దొరికినట్టనిపించింది. కానీ ఒక అనుమానం పీకింది. ఆడవాళ్ళ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డాను.

"సార్, ఆయన తర్వాత ఆ ఆటలోకి ఇంకా నల్లవాళ్ళు వచ్చారా?"

ప్రెసిడెంటు గారు సంతోషంగా నావైపు తిరిగారు. బడిలో మంచి ప్రశ్న అడిగిన పిల్లని చూసినట్టు చూశారు. "ఎందుకు రాలేదమ్మా! ఆ ఏడే ఇంకొందరు వచ్చారు. తర్వాత్తర్వాత ఎంతోమంది. అదే కదా ఆయన గొప్పతనం."

"మరి మన జట్టులో మా నాన్న తర్వాత ఎవరొచ్చారు సార్?"

ఆయన నోరు తెరిచి సెక్రటరీ వైపు చూశాడు. పాపం, ఆయనకి నిజంగానే తెలియదనుకుంటాను. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు. సెక్రటరీ మైకు లాక్కుని, అమ్మా కూర్చో, ఆటకి ఆలస్యమవుతోందన్నాడు. పక్కనున్నావిడ నా చీర కొంగు పట్టుకుని లాగింది. అంత దూరం నుంచి ఆ మహానుభావుడి కథ మోసుకొచ్చి, అందులోంచి తమకి పనికొచ్చే ముక్క ఒకటే తుంచుకున్నారు. వెనక వచ్చినవాళ్ళని వదిలేసి, నంబరు పక్కన పెట్టడం మాత్రం పట్టుకున్నారు. మా నాన్ననే కాదు, ఆయన్నీ అవమానించారు.

శాలువా కప్పారు. అద్దాల పెట్టె చూపించారు. నాన్న మైకు వైపు అడుగు వేశాడు. సెక్రటరీ అడ్డం వచ్చి, నాన్ననే చూపిస్తూ ఇప్పుడు మన గురువుగారు బంతి తన్ని ఆట ప్రారంభిస్తారని ప్రకటించేశాడు. నాన్న భుజం మీద చెయ్యి వేసి మెట్లు దించాడు. చేతికీ భుజానికీ మధ్య శాలువా ఉంది లెండి.

నాన్న మైదానం మధ్యకి నడిచాడు. బంతి మీద కుడికాలు పెట్టాడు. ఫోటో తీశారు. రిఫరీ ఈల వేశాడు. నాన్న తన్నలేదు. రిఫరీ మళ్ళీ వేశాడు. జనం నవ్వారు, పెద్దాయనకి వినబడలేదనుకున్నారు. సెక్రటరీ పంచె ఎత్తి పట్టుకుని మైదానంలోకి పరిగెత్తాడు.

"ఏటిరా ఇది? తన్ను!"

"మావోణ్ణి పిలవండి బాబూ" అన్నాడు నాన్న. మైకు లేకపోయినా ఆ మాట మా కుర్చీల దాకా వినబడింది. "నన్ను మొదటోడన్నారు. మొదటోడంటే ఎనకాల ఇంకోడు రావాల గదా. ఎవుడూ రాకపోతే నేను మొదటోణ్ణేటి, ఒక్కణ్ణే గదా. ఆణ్ణి రానియ్యండి, తంతాను."

జనం నవ్వు ఆపేశారు. ప్రెసిడెంటు గారు సోఫాలోంచి సగం లేచారు. లేచిన మనిషి రెండు అడుగులు వేస్తాడేమో, ఒక్క మాట అంటాడేమో అని నేను ఆయన్నే చూస్తున్నాను. మళ్ళీ కూర్చున్నారు. బహుశా ఆ రోజు నుంచే నాకు మంచివాళ్ళంటే కూడా కోపం మొదలైంది.

సెక్రటరీ నాన్నతో వాదించలేదు. గీత దగ్గరికి తిరిగి వచ్చి, ఎవరితోనో ఏదో చెప్పాడు. వాళ్ళు ఇంకో బంతి తెచ్చి మైదానంలోకి విసిరారు. రిఫరీ ఈల వేశాడు. ఆట మొదలైపోయింది.

నేను కళ్ళారా చూశాను. ఎర్రటి శాలువా కప్పుకున్న మా నాన్న మైదానం నట్టనడుమ బంతి మీద కాలు పెట్టి నిలబడి ఉంటే, ఇరవైమంది కుర్రాళ్ళు ఆయన చుట్టూ పరిగెత్తుతూ ఆడారు. పన్నెండో నంబరు మేనల్లుడు దారికి అడ్డమని "హటో, హటో" అని అరుస్తూ ఆయన పక్కనుంచే వెళ్ళాడు. ఒకసారి బంతి వచ్చి నాన్న మోకాలికి తగిలింది. నాన్న కదల్లేదు. గీత పక్కన ఉన్న అన్నయ్య వైపే చూస్తూ నిలబడ్డాడు. ముందు వరసలో కొందరు మొహాలు తిప్పుకున్నారు. ఆపండి అన్నవాడు ఒక్కడూ లేడు. నేను అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు.

అప్పుడు అన్నయ్య లేచి గీత దాటాడు. పరిగెత్తేవాళ్ళ మధ్యలోంచి ఎవరినీ చూడకుండా నడుచుకుంటూ నాన్న దగ్గరికి వెళ్ళాడు. ఎప్పుడూ హిందీ తప్ప మాట్లాడనివాడు "ఇంటికెల్దాం రా నాన్నా" అన్నాడట. నాన్న బంతి మీదినుంచి కాలు తీశాడు. అన్నయ్య ఆయన చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. ఆ జట్టు ఆడుతుండగా మా అన్నయ్య ఆ మైదానంలో అడుగు పెట్టింది ఆ ఒక్కసారే, మా నాన్నని బయటికి తీసుకురావడానికి.